జింకల వేట

జింకల వేట అనగా జింక, దుప్పి, కణితి మొదలైన గిట్టల జంతువులను మాంసము, చర్మము, కొమ్ముల కొరకు గాని, వినోదము కొరకు గాని వెంబడించి చంపడం లేదా పట్టుకోవడం. ఒకప్పుడు తెలుగు దేశంలో ఇది అడవి జనులకు జీవనాధారము, రాజులకు, జమీందారులకు వినోదము. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసినది. 1991లో ఆ చట్టానికి జరిగిన సవరణతో లైసెన్సు వేట పూర్తిగా రద్దయినది. అమెరికా వంటి కొన్ని దేశాలలో మాత్రము నియమాలకు లోబడి ప్రభుత్వ భూములలో సైతము జింకల వేట నేటికీ సాగుతున్నది.

పేర్లు - జాతులు

వాడుకలో "జింక" అను మాటను అనేక జంతువులకు వాడుతారు. నిజానికి ఇందులో రెండు వేర్వేరు కుటుంబాలు ఉన్నవి.

కృష్ణజింక: శాస్త్రీయ నామం ఆంటిలోప్ సెర్వికాప్రా. ఇది పశువులు, మేకలు చెందిన కుటుంబానికి చెందినది. మగదానిని ఇర్రి అని, ఆడదానిని లేడి అని అంటారు. కొమ్ములు మెలికలు తిరిగి ఉంటాయి, జీవితాంతము రాలవు. దట్టమైన అడవిలో కాక గడ్డి మైదానాలలో నివసిస్తుంది.
చుక్కల దుప్పి: ఒంటిపై తెల్లని చుక్కలు గలది. మగదాని కొమ్ములు కొమ్మలుగా చీలి ఉండి, ఏటేటా రాలి మరల మొలుస్తాయి.
కణితి: దీనినే కణుజు అని కూడా అంటారు. భారతదేశంలోని దుప్పి జాతులలో పెద్దది. నీటి వనరులకు దగ్గరగా, కొండ అడవులలో ఉంటుంది. ఎక్కువగా రాత్రి వేళ మేస్తుంది.

సంస్కృతంలో హరిణము, కురంగము, సారంగము అను పేర్లు ఉన్నవి. కృష్ణజింక తోలును కృష్ణాజినము అంటారు. ఇది పూర్వము ఉపనయనాది వైదిక కర్మలలోను, తపస్సు చేసేవారి ఆసనముగాను వాడబడినది. కృష్ణజింక ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు.

చరిత్ర

పురాణాలలో వేట

రామాయణ, భారతాలలో జింకల వేటకు ముఖ్యమైన చోటు కలదు. మారీచుడు బంగారు లేడి రూపంలో రాముని ఆశ్రమము నుండి దూరము తీసుకొనిపోవుట సీతాపహరణానికి దారి తీసినది. లేడి రూపంలో ఉన్న కిందమ మునిని కొట్టి పాండురాజు శాపము పొందినాడు. దశరథుడు నీటి చప్పుడు విని, అది ఏనుగని తలచి, కంటితో చూడకుండానే బాణము వేసి ముని కుమారుని చంపినాడు. గురిని కన్నులారా చూడకుండా ఆయుధము విడువరాదని నేటి వేట శిక్షణలో చెప్పే మొదటి నియమము ఈ కథలో కనిపిస్తుంది.

తెలుగు కావ్యాలలో అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యములో తిన్నని వేట ప్రసిద్ధములు.

రాజుల వేట

కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసములో మృగయా వినోదము ఒక విషయము. మొగలుల కాలములో శిక్షణ పొందిన చీతాలతో కృష్ణజింకలను వేటాడడం గొప్ప వినోదముగా ఉండెను. చీతాను కళ్ళకు గంతలు కట్టి ఎడ్లబండిపై మంద దగ్గరకు తీసుకొనిపోయి, గంతలు విప్పి విడిచేవారు. ఈ వేట కొరకు అడవి చీతాలను పట్టుకొనేవారు. చీతాలు బందిఖానాలో పిల్లలను పెట్టడం అరుదు కాబట్టి, ఈ వినోదము చీతాల సంఖ్య తగ్గడానికి ఒక కారణమైనది. 1947లో కొరియా సంస్థానములో మూడు చీతాలు కాల్చబడిన తరువాత, 1952లో ఈ జాతి దేశంలో అంతరించినట్లు ప్రకటించారు. 2022 సెప్టెంబరులో నమీబియా నుండి చీతాలను తెచ్చి మధ్య ప్రదేశ్ లోని కూనో జాతీయ ఉద్యానవనములో విడిచిపెట్టారు.

హైదరాబాదు నిజాములకు ప్రత్యేక వేట భూములు ఉండేవి. వాటిలో కొన్ని నేడు రక్షిత ప్రాంతాలు. నిజాముల వేట భూమి అయిన పోచారం 1952లో అభయారణ్యమైనది. హైదరాబాదు శివారులోని వనస్థలిపురములో 1975లో జింకల పార్కుగా ఏర్పడిన మహావీర్ హరిణ వనస్థలి, 1994లో జాతీయ ఉద్యానవనమైనది. ఒకప్పుడు వేట జరిగిన ఈ నేలే నేడు కృష్ణజింకలకు ఆశ్రయము.

గిరిజనుల వేట

నల్లమలలో చెంచులు విల్లు, బాణాలతో వేటాడేవారు. మన్యములో ఇటుకల పండుగ, కోయల భూమి పండుగ సందర్భములలో పురుషులు సామూహిక వేటకు వెళ్ళే ఆచారము ఉండెను. ఈ వేట విత్తనాలు చల్లే కాలానికి ముందు వచ్చే కర్మకాండలో భాగము. వేటలో దొరికిన దానిని ఊరంతా పంచుకొనేవారు.

జాడ తీయడం

కొత్త ప్రదేశంలో జింకను, అందులోను వయసు మీరిన మగజంతువును కనుగొనడం కష్టము. ముదురు మగజంతువు మందలోని ఆడజంతువుల కంటె జాగ్రత్తగా ఉండి, మనుషుల రాకపోకలు తక్కువ ఉన్న చోటును ఎంచుకుంటుంది. ఒకప్పుడు వేటగాళ్ళు వాడిన ఈ ఆనవాళ్ళనే నేడు అటవీ సిబ్బంది, పరిశోధకులు జంతు గణనకు వాడుతున్నారు.

అడుగుజాడలు: జింకల గిట్ట రెండుగా చీలి, ముందు వైపు మొనదేలి ఉంటుంది. మెత్తని బురదలో గిట్టల చీలిక విచ్చుకొని జాడ అసలు కంటె పెద్దదిగా కనిపిస్తుంది. అందువలన చిత్తడి నేలలో జాడ కొలతను బట్టి మాత్రమే జంతువు వయసు నిర్ణయించరాదు. తాజా జాడకు అంచులు పదునుగా ఉంటాయి, ఎండిన కొద్దీ విరిగి రాలుతాయి.
పెంటికలు: మగ కృష్ణజింక తన హద్దులో ఒకే చోట మరల మరల పెంటికలు వేస్తుంది. ఇటువంటి కుప్పలు ఉన్న చోట హద్దు కాచుకొనే ఇర్రి ఉన్నట్లు గుర్తు.
చెట్ల గుర్తులు: దుప్పి, కణితి మగవి కొమ్ములను చెట్టు బెరడుకు రాస్తాయి. కృష్ణజింక కంటి ముందున్న గ్రంథి స్రావాన్ని గడ్డి పరకలకు, కొమ్మలకు పూస్తుంది.
రంగు, కొమ్ములు: ఇర్రి పుట్టినప్పుడు లేత గోధుమ రంగులో ఉండి, వయసు వచ్చిన కొద్దీ వీపు నలుపెక్కుతుంది. మొదటి ఏడు కొమ్ములకు మెలికలు ఉండవు. సుమారు మూడు, నాలుగేళ్ళకు కొమ్ములు పూర్తి మెలికలు తిరుగుతాయి.
గాలి వాలు: జింకలకు వాసన పసిగట్టే శక్తి మెండు. గాలి మనిషి నుండి జంతువు వైపు వీస్తే అది కనిపించక ముందే పారిపోతుంది.
మెరక: చిత్తడి నేలలో జంతువులు పడుకొనడానికి చుట్టూ నీరు, రెల్లు ఉన్న చిన్న మెరకలను ఎంచుకుంటాయి. మేతకు అక్కడి నుండి ఒకే దారిన వచ్చిపోతాయి.

పూర్వపు వేటగాళ్ళు మంచె కట్టి కాచుకొనడం, కేకలతో జంతువులను ఒక వైపుకు తరమడం, వలలు, ఉచ్చులు పన్నడం, మచ్చిక చేసిన జంతువును దీమముగా కట్టి అడవి జంతువును రప్పించడం వంటి పద్ధతులు వాడేవారు.

చిత్తడి నేలలలో జింకలు

కృష్ణజింక పొడి మైదానాల జంతువైనను తీరప్రాంతపు చవుడు, చిత్తడి నేలలలో కూడా బతుకుతుంది. తమిళనాడులోని కోడియక్కరై అభయారణ్యము 1967లో ముఖ్యముగా కృష్ణజింకల రక్షణ కొరకు ఏర్పడినది. ఇది 2002 ఆగస్టులో రాంసార్ చిత్తడి నేలల జాబితాలో చేరినది. అదే నెలలో కొల్లేరు సరస్సు కూడా ఈ జాబితాలో చేరినది.

ఒడిషాలోని గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉండెను. అక్కడ తెలుగువారు కూడా నివసిస్తున్నారు. ఈ జిల్లాలోని బాలిపదర్ - భేట్నై ప్రాంతములో పొలాల మధ్యనే కృష్ణజింకల మందలు తిరుగుతాయి. అవి వచ్చిన ఊరికి మేలు జరుగుతుందని నమ్మి గ్రామస్తులు వాటిని వేటాడరు, వేటాడనివ్వరు.

చట్టం

1972 చట్టం మొదట కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడడానికి అవకాశము ఇచ్చినది. 1991 సవరణ ఆ అవకాశాన్ని తీసివేసినది. ఇప్పటి ముఖ్య నియమాలు ఇవి:

చట్టములో "వేట" అనగా చంపడం మాత్రమే కాదు. గాయపరచడం, పట్టుకొనడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, ఇందుకు ప్రయత్నించడం కూడా వేటయే.
కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉన్నది. దీనిని వేటాడినవారికి 3 నుండి 7 సంవత్సరముల జైలు శిక్ష పడుతుంది. కనీస జరిమానాను 2022 సవరణ 10 వేల రూపాయల నుండి 25 వేల రూపాయలకు పెంచినది. ఈ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది.
చట్ట విరుద్ధముగా వేటాడిన జంతువు, దాని మాంసము, కొమ్ములు, వేటకు వాడిన ఆయుధము, వాహనము ప్రభుత్వ ఆస్తి అవుతాయి.
ప్రాణరక్షణకు సద్బుద్ధితో జంతువును చంపడం నేరము కాదు. కాని చట్టాన్ని ఉల్లంఘిస్తూ అడవిలో ఉన్నవారికి ఈ రక్షణ వర్తించదు.
మనుషుల ప్రాణానికి ముప్పు కలిగించే జంతువు విషయములోను, కొన్ని జాతులు పంటలకు నష్టము కలిగించినప్పుడును ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకముగా వేటకు అనుమతి ఇవ్వవచ్చును.

1998లో రాజస్థాన్ లోని కంకాణీ గ్రామము దగ్గర కృష్ణజింకలను చంపిన కేసులో ఒక హిందీ చలనచిత్ర నటునికి 2018 ఏప్రిల్ లో జోధ్‌పూర్ కోర్టు 5 సంవత్సరముల శిక్ష విధించినది. ఆయన దీనిపై అప్పీలు చేసినారు. ఫిర్యాదు చేసి సాక్ష్యము చెప్పినవారు జింకలను పూజ్యముగా చూసే బిష్ణోయి గ్రామస్తులు.

రక్షణ - పంట నష్టం

వేట ఆగిన చోట జింకల సంఖ్య పెరిగి కొత్త సమస్య వచ్చినది. 1988లో బట్టమేక పిట్ట రక్షణకై అప్పటి కర్నూలు జిల్లాలో రోళ్ళపాడు అభయారణ్యము ఏర్పడినది. దీని విస్తీర్ణము సుమారు 6 చదరపు కిలోమీటర్లు మాత్రమే. రక్షణ వలన ఇక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలలోకి దిగసాగినవి. రైతులకు పంట నష్టమై, అభయారణ్యముపై అసంతృప్తి కలిగినది. బట్టమేక పిట్ట మాత్రము తగ్గుతూ వచ్చినది. తెలంగాణలో నారాయణపేట జిల్లాలోని కృష్ణా తీర మండలాలలో కూడా కృష్ణజింకల వలన పంట నష్టము గురించి రైతులు ఫిర్యాదు చేసినారు.

కృష్ణజింకకు హద్దు కంచెలు, పొలము గట్లు తెలియవు. గడ్డి భూములు సాగులోకి వచ్చిన కొద్దీ వాటికి మేత పంటలలోనే దొరుకుతుంది. కావున వేట నిషేధము ఒక్కటే చాలదు. గడ్డి భూములను కాపాడడం, పంట నష్టానికి సకాలములో పరిహారము ఇవ్వడం కూడా అవసరము.

చాట్రాయి ప్రాంతం

చాట్రాయి నూజివీడు మామిడి తోటల మెట్ట ప్రాంతములోని మండల కేంద్రము. ఇది కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరినది. పూర్వము ఇది జమీందారీ పాలనలోని ప్రాంతము. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు పోయి, వాటి అడవులు ప్రభుత్వ పరమైనవి. వాటితో పాటు జమీందారుల ప్రత్యేక వేట హక్కులు కూడా అంతరించినవి.

ఈ మెట్ట భూములలో బంగినపల్లి, చిన్న రసాలు, తోతాపురి మామిడి ప్రధాన పంటలు. ఇక్కడి నుండి దిగువకు పారే తమ్మిలేరు ఏలూరు మీదుగా కొల్లేరు సరస్సులో కలుస్తుంది. ఎగువ మెట్టకు, దిగువ చిత్తడి నేలకు నీటి సంబంధము ఇదియే. 1999లో కొల్లేరులో సముద్ర మట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యముగా ప్రకటించబడినవి. అక్కడ పక్షులను పట్టడం కూడా చట్టము దృష్టిలో వేటయే.

రెండు రాష్ట్రాలలోను తోటలకు, పైర్లకు ఎక్కువ నష్టము చేసేవి అడవి పందులు, కోతులు. అడవి పందుల కొరకు కొందరు చట్ట విరుద్ధముగా పొలము చుట్టూ నేరుగా కరెంటు తీగలు అమర్చుతారు. ఈ తీగలకు జింకలు, పశువులు, రాత్రి వేళ నీరు కట్టడానికి వెళ్ళే రైతులు, కూలీలు కూడా బలి అవుతున్నారు. బ్యాటరీతో లేదా సౌరశక్తితో పనిచేసే కంచెలో విద్యుత్తు క్షణకాలపు తాకిడిగా మాత్రమే ప్రవహిస్తుంది. అది జంతువును భయపెడుతుంది గాని చంపదు.

ఇతర దేశాలలో

అమెరికాలో తెల్లతోక జింక వేట నియమబద్ధముగా సాగుతుంది. 20వ శతాబ్దము ఆరంభములో మితిమీరిన వేట వలన ఈ జింక చాలా చోట్ల కనుమరుగైనది. తరువాత వేట కాలము, లైసెన్సు, ఒక్కొక్కరు చంపగల జింకల సంఖ్యపై పరిమితి వచ్చినవి. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము ద్వారా తుపాకులు, తూటాలపై వేసిన పన్ను వన్యప్రాణి సంరక్షణకు చేరుతున్నది. నేడు ఆ దేశంలో ఈ జింకల సంఖ్య సుమారు 3 కోట్లని అంచనా. తోడేళ్ళు వంటి సహజ శత్రువులు తగ్గిన చోట వేటయే వీటి సంఖ్యను అదుపులో ఉంచే సాధనమని అక్కడి వన్యప్రాణి శాఖలు భావిస్తాయి.

విస్కాన్సిన్ రాష్ట్రములోని హోరికాన్ చిత్తడి నేల 33 వేల ఎకరములకు పైగా విస్తరించి ఉన్నది. ఇక్కడ నిర్ణీత కాలములో ప్రజలకు జింకల వేటకు అనుమతి ఉంటుంది. ప్రభుత్వ భూమి అందరిది కావున ఇటువంటి చోట్ల ముదురు మగజింకలు దారులకు దూరముగా, జమ్ము మధ్యనున్న మెరకలకు చేరుతాయి. వేటగాళ్ళు ముందుగా ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుపల్లాల పటాలు చూసి, తరువాత కాలినడకన గాని పడవలో గాని వెళ్ళి జాడ చూస్తారు. చాలా రాష్ట్రాలలో కొత్త వేటగాళ్ళు లైసెన్సు పొందడానికి ముందు శిక్షణ తరగతి పూర్తి చేయవలెను.

ఇవి కూడా చూడండి

కృష్ణజింక
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం
రోళ్ళపాడు వన్యప్రాణి అభయారణ్యం
కొల్లేరు సరస్సు
చాట్రాయి