ఏరు దాటితే మారిన రూపాయి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మన ఖమ్మం పిల్లలు సెలవులకు కరీబియన్ తీరంలోని కార్తహేనాకు పోదామనుకుంటే ముందు లెక్కలకు కూర్చుంటారు. విమానానికి ఎంత, పాతకోట గోడల లోపల గది దొరికితే ఎంత, బయట అయితే ఎంత, డాలరుకు ఎన్ని కొలంబియా పెసోలు వస్తాయి, ఎక్కడ మారిస్తే నష్టం తక్కువ. వాళ్ళ ముత్తాతలూ సరిగ్గా ఈ లెక్కే వేశారు. కాకపోతే వాళ్ళు పోయింది భద్రాచలానికి. ఖమ్మం నుంచి నూట ఇరవై కిలోమీటర్లకు మించదు. ఆ కాస్త దూరంలోనే సర్కారు మారేది, నాణెం మారేది, సుంకం నాకా అడ్డం వచ్చేది.

భద్రాద్రి ప్రయాణానికి ఎంతవుతుందనే ప్రశ్నకు మూడు వందల ఏళ్ళ పైబడ్డ చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా చదివితే నాకు తోచేది ఒకటే: ఖర్చు దూరాన్ని బట్టి పెరగలేదు, తరగలేదు. గోదావరి ఏ ఒడ్డు ఎవరిది, ఎల్లగీత ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టే పెరిగింది, తరిగింది.

మొదట్లో ఖర్చు అంటూ ఏమీ లేదు. పోకల దమ్మక్క కథ అందరికీ తెలిసిందే. భద్రిరెడ్డిపాలెం మనిషి, పుట్టలో ఉన్న రాముణ్ణి కనిపెట్టి తాటాకు పందిరి వేసి, అడవిలో రాలిన తాటిపండు నైవేద్యం పెట్టిందంటారు. పందిరీ చెట్టుదే, ప్రసాదమూ చెట్టుదే. ఆ తర్వాత నేలకొండపల్లి నుంచి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చాడు. గోల్కొండను అబుల్ హసన్ తానీషా ఏలుతున్న కాలమది, అంటే 1672 తర్వాతి మాట. శిస్తు సొమ్ముతో గుడి లేచింది. ఆరు లక్షల వరహాలని జనం చెప్పుకునే లెక్క.

ఆ లెక్కకు పద్దుల పుస్తకం కూడా ఉంది, కీర్తన రూపంలో. ‘ఇక్ష్వాకు కులతిలక’ను భక్తితో వినేవాళ్ళే ఎక్కువ గానీ, ఒకసారి ఆడిటరు చెవితో వినండి. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకు ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని వరసగా పద్దులు. చిత్రమేమిటంటే దాదాపు ప్రతి పద్దూ గుండుగా పదివేలే. పైగా కొన్ని వరహాల్లో, కొన్ని మొహరీల్లో. ఏ లెక్కల గుమస్తా అయినా కలం కిందపెట్టి కళ్ళద్దాల పైనుంచి చూడాల్సిన పద్దులివి. మంజూరు కాని ఖర్చుకు గోపన్న గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు ఉన్నాడనీ, చివరికి రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు పైకం కట్టి రసీదు తీసుకున్నారనీ కథ. దేవుడు వచ్చినా రసీదు లేకుండా పోలేదన్నది గమనించదగ్గ విషయం.

దూరాన ఉన్న ఏలిక డబ్బు ఎక్కడికి పోయిందని అడగడం మన ఒక్క ఊరి కథే కాదు. 1533లో స్పెయిన్ వాళ్ళు స్థాపించిన కార్తహేనాకు సముద్రపు దొంగల భయంతో తరాల తరబడి రాతి గోడలు కట్టారు. అక్కడా ఒక కథ చెబుతారు: ఖర్చు విని తల తిరిగిన స్పెయిన్ రాజు మేడ మీదకెక్కి, ఇంత పోసి కట్టిన గోడలు ఇక్కడికి కూడా కనపడాలే అని దూరదర్శినితో పడమటి దిక్కు వెతికాడట. తానీషా దగ్గర దూరదర్శిని ఉందో లేదో గానీ, జైలు మాత్రం ఉంది.

ఇక యాత్రికుడి మాట. పాతకాలపు ఇంట్లో భద్రాచలం ప్రయాణానికి రెండు సంచులుండేవి. ఒకటి ముడుపు. పిల్లవాడికి జ్వరం తగ్గితేనో, ఎద్దు బతికితేనో, పెళ్ళి కుదిరితేనో వస్తామని మొక్కి, పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి గూట్లో పెట్టేవారు. వీలైనప్పుడల్లా దానికి ఇంకొంత కలిసేది. అది రాముడి సొమ్ము. ఇంట్లో ఉప్పు నిండుకున్నా దాన్ని విప్పకూడదు. దారిలో చేతిలో పైసా లేకపోయినా దాన్ని ముట్టకూడదు. రెండోది దారి ఖర్చు. ఇది మన సొమ్ము, లెక్కా మనదే. ఈ రెంటినీ కలపకపోవడమే ఆ ఇంటి క్రమశిక్షణ. నెల జీతాన్ని నాలుగు ఖాతాల్లో పంచుకొమ్మని ఇప్పుడు సలహాదారులు డబ్బు తీసుకుని చెబుతున్నారు. మా నాయనమ్మల తరానికి పసుపు గుడ్డ ఒక్కటే సరిపోయింది.

దారి ఖర్చులో నగదు భాగం చాలా తక్కువ. బండి కడితే బియ్యం, పప్పు, చింతపండు, అటుకులు, ఎద్దులకు చొప్ప, అన్నీ ఇంటి నుంచే. మూడు నాలుగు బండ్లు కలిసి పోతే అడవిలో భయం తగ్గుతుంది, వంట చెరుకుకు కొదవ లేదు. రాత్రి చెట్టుకింద మజిలీ, పొద్దున్నే ప్రయాణం. శ్రీరామనవమి చైత్రంలో రావడం కూడా రైతుకు కలిసివచ్చింది. మిరప కల్లాలు ముగిసి చేతిలో నాలుగు రాళ్ళు ఆడే రోజులవి. అదే ఆషాఢంలో వచ్చి ఉంటే యాత్రికుల్లో సగం మంది అప్పు చేయాల్సి వచ్చేది.

అయితే ఏటి ఒడ్డుకు చేరాక నగదు లేనిదే అడుగు పడదు. దీనికి మూలం 1860 నాటి ఒప్పందం. ఆ ఏడాది నిజాం గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను ఇంగ్లీషు వాళ్ళకు వదులుకున్నాడు. దానికి బదులుగా ఆయనకు రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలు తిరిగివచ్చాయి, యాభై లక్షల బాకీ మాఫీ అయింది. ఇంగ్లీషు వాళ్ళకు రాముడి మీద ధ్యాస లేదు, ధ్యాసంతా నది మీదే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, గోదావరిలో ఎగువకు పడవలు నడిపి మధ్య పరగణాల పత్తిని సముద్రానికి చేర్చాలన్న ఆలోచన బలపడింది. దుమ్ముగూడెం దగ్గర రాతి అడ్డును దాటించడానికి ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు తడిసి మోపెడై 1871లో ఆ ఎగువ పనులన్నీ ఆపేశారు. పత్తి రాలేదు గానీ ఎల్లగీత మిగిలిపోయింది. భద్రాచలం మొదట మధ్య పరగణాల కిందికి, 1874 నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లా కిందికి వెళ్ళింది. ఎదురుగా ఉన్న బూర్గంపాడు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. మధ్యలో నది.

ఇక్కడ మన ముత్తాతల అసలు లెక్క మొదలవుతుంది. ఖమ్మం వైపు చెల్లేది హాలీ సిక్కా. గట్టు దాటితే కల్దారు, అంటే ఇంగ్లీషు వాళ్ళ రూపాయి. రేటు దాదాపు ఏడుకు ఆరు: నూరు కల్దార్లకు నూట పదహారు రూపాయల చిల్లర హాలీ ఇవ్వాలి. ఒక కుటుంబం ముప్ఫై ఐదు హాలీ రూపాయలు పోగుచేసుకుని బయలుదేరిందనుకుంటే, గుడి మెట్ల దగ్గర దాని విలువ ముప్ఫై. మార్చిపెట్టే షరాబు ఊరికే మార్చడు, అతని బట్టా అతనికి ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మిగిలిన కల్దారును మళ్ళీ మారిస్తే మరోసారి కోత. అందుకే ఏరు దాటేముందు ఎంత మార్చాలన్నది పెద్దవాళ్ళు తర్జనభర్జన పడే విషయం. ఎక్కువ మారిస్తే కోత, తక్కువ మారిస్తే పరాయి గట్టున ఇబ్బంది.

పైగా కరోడ్‌గిరి. నిజాం రాజ్యంలోకి వచ్చే సరుకు మీదా, పోయే సరుకు మీదా నూటికి ఐదు చొప్పున సుంకం. అదే 1860 ఒప్పందంలో గోదావరి మీద నడిచే రవాణాకు మాత్రం సుంకం మినహాయించారు. అంటే రాజమండ్రి నుంచి పాపికొండల మధ్యగా పడవలో వచ్చే కోనసీమ భక్తుడికి నాణెం మారదు, నాకా తగలదు. ఖమ్మం నుంచి బండిలో వచ్చేవాడికి రెండూ తగిలేవి. గుడి కట్టించింది ఖమ్మం గడ్డ మీద పుట్టినవాడు. గుడికి ఏటా కొంత సొమ్ము, కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపింది హైదరాబాదు సర్కారు. అయినా ఆ వైపు నుంచి వచ్చేవాడే పరాయి దేశస్థుడయ్యాడు.

రేవు సంగతి వేరే చెప్పాలి. మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలకూ రేవులకూ కలిపి ఒక చట్టం చేసింది. అలాంటి రేవుల్లో పాడుకున్నవాడు సర్కారుకు గుత్త కట్టి, దాటేవాళ్ళ దగ్గర వసూలు చేసుకుంటాడు. మనిషికి ఒక రేటు, బండికి ఒకటి, పశువుకు ఒకటి. వేసవిలో గోదావరి సన్నబడి ఇసుక తిన్నెలు తేలతాయి కాబట్టి నవమికి వచ్చేవాళ్ళు సగం ఏరు నడిచే దాటొచ్చు. ముక్కోటికి వచ్చేవాళ్ళకు నీళ్ళు ఇంకాస్త ఎక్కువ. వానాకాలంలో ఎంత డబ్బిచ్చినా పడవ కదలని రోజులుంటాయి.

రైలు వచ్చాక బండి మజిలీలు తగ్గాయి. డోర్నకల్లు నుంచి సింగరేణి గనులకు వేసిన దారి బొగ్గు కోసం వేసింది. దాని మీద కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా 1927లో మరో పాయ తీశారు, అదీ బొగ్గు కోసమే. ఆ చివరి స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి దిగి, గుడి ఎటువైపని అడిగిన కొత్తవాళ్ళకు నేటికీ ఒకే జవాబు: ఇంకా నలభై కిలోమీటర్లుంది. టికెట్ డబ్బులతో ప్రయాణం అయిపోయిందనుకున్నవాడికి అక్కడి నుంచి రెండో ఖర్చు. 1932లో నిజాం రైల్వే శాఖే ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అదే తర్వాతి కాలంలో ఆర్టీసీ అయింది.

సర్కార్లు మారాక కూడా ఎల్లగీత వెంటనే చెరగలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు భద్రాచలం అటు, అదే ఏడాది జిల్లాగా అవతరించిన ఖమ్మం ఇటు. హాలీ సిక్కా ఆ దశాబ్దంలోనే కనుమరుగైంది. 1956లో రెండు గట్లూ ఒకే రాష్ట్రమయ్యాయి, 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. గోదావరి మీద వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. దాంతో ఏరు దాటే ఖర్చు బస్సు టికెట్‌లో కలిసిపోయింది. దాని బరువు మోసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అది పోయిన సంగతి కూడా తెలియదు. నది మాత్రం తన హక్కు వదులుకోలేదు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వానాకాలంలో పోయేవాళ్ళు 43, 48, 53 అడుగుల ప్రమాద హెచ్చరికలు చూసుకుని, ఒక రాత్రి గది అద్దె అదనంగా పట్టుకుని పోవడం మంచిది.

2014లో గీత మళ్ళీ కదిలింది. పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది గానీ, దాని పక్కనే ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు అటుపోయాయి. దేవుడి మాన్యాలున్న పురుషోత్తపట్నం ఒక రాష్ట్రంలో, దేవుడు ఇంకో రాష్ట్రంలో. భద్రాచలం నుంచి పర్ణశాలకు పోయే యాత్రికుడు ఆంధ్రలోకి పోయి మళ్ళీ తెలంగాణలోకి వస్తాడు. నాణెం ఒకటే కాబట్టి చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఈనాటి లెక్కలో ప్రయాణం చిన్న పద్దు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఖమ్మం నుంచి నలుగురు అక్కచెల్లెళ్ళు బయలుదేరితే దారి ఖర్చు సున్నా, బావగారు వెంటవస్తే ఆయన ఒక్కడిదే. పెద్ద పద్దు గదులది. నవమి నాడు అద్దెలు ఒక్కసారిగా పైకెక్కుతాయి, ముందే బుక్ చేసుకోనివాడికి గోదావరి గట్టే గతి. తర్వాతది కల్యాణం టికెట్: ఈ మధ్య ఏళ్ళలో 150 రూపాయల నుంచి 7,500 దాకా ఉంటోంది. రాలేనివాళ్ళు ఆర్టీసీ కార్గోకు 151 రూపాయలు కడితే తలంబ్రాలు ఇంటికే వస్తున్నాయి. నా మట్టుకు నాకు నవమి కన్నా ఆ తర్వాతి వారం మేలు. జనం తగ్గుతారు, గది ధర దిగుతుంది, రాముడు అక్కడే ఉంటాడు.

పాపికొండల వైపు పోదామనుకునేవాళ్ళు మాత్రం ఇంకొక లెక్క వేసుకోవాలి. కూనవరం, చింతూరు దారిలో తెలంగాణ జీరో టికెట్ రాష్ట్రం ఎల్ల దాకానే చెల్లుతుంది, అవతలికి డబ్బు కట్టాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది గానీ, అది అక్కడి ఆధార్ ఉన్నవాళ్ళకు. ఖమ్మం ఆధార్‌తో ఆంధ్ర బస్సు ఎక్కితే కండక్టరు టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. చిల్లర దగ్గర ఉంచుకోండి.