పట్టాలు లేని రైలుకట్ట మీద

మా జేజి పుట్టినూరూ మెట్టినూరూ ఒకటే, తిరుత్తణి దగ్గరి ఓ పల్లె. ఆమె చిన్నతనంలో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1960 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాలూ సరిహద్దులు సర్దుకున్నప్పుడు తిరుత్తణితో పాటు మళ్లీ మద్రాసుకు వెళ్లిపోయింది. "నేను యాడికీ పోలేదు నాయినా, ఊరే పొయ్యి పొయ్యి వచ్చింది" అనేది జేజి.

ఆ మాట బరువు నాకు బెల్జియం తూర్పు అంచున, ఓయ్‌పెన్ పట్టణంలో కాపురం పెట్టాక తెలిసింది. ఇక్కడ దేశం బెల్జియం, ఇంట్లో మాట జర్మన్, పక్క లోయలో మాట ఫ్రెంచి. ఎందుకిలా అని అడిగితే పక్కింటి పెద్దావిడ నా చేతిలో పుస్తకం పెట్టలేదు. "సైకిలుందా? వెన్‌బాన్ మీద వెళ్లిరా, తెలుస్తుంది" అంది.

వెన్ అంటే ఇక్కడి చిత్తడి బీడు, బాన్ అంటే రైలుమార్గం. జర్మనీలోని ఆహెన్ నుంచి బెల్జియం మీదుగా లక్సెంబర్గులోని ట్రోవియేర్జ్ దాకా 125 కిలోమీటర్ల పాత రైలుకట్ట ఇది. పట్టాలు తీసేసి, తారు పరిచి, 2013 నాటికి మొత్తం సైకిలుదారిగా మార్చారు. కారూ మోటారుసైకిలూ దీని మీదికి రావు. మెయిన్‌రోడ్డు అడ్డం వచ్చిన చోట నిమిషం ఆగడమే. మిగతా అంతా టైరు కింద తారు చప్పుడు, పక్కన వాగు, పైన పిట్టల అరుపులు. ఐదేళ్ల పిల్లలు ముందు పోతుంటే తల్లిదండ్రులు వెనక నింపాదిగా తొక్కుతుంటారు.

కొండసీమే అయినా ఆయాసం రాదు. దానికి కారణం ఆవిరి ఇంజను. బొగ్గు లాగే బండి నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి ప్రష్యా ఇంజనీర్లు కొండలను చుట్టుకుంటూ, ఒంపులు తిప్పుకుంటూ కట్ట వేశారు. వాలు 2 శాతం అటూ ఇటూ. నాడు ఇంజను కోసం చూపిన ఆ శ్రద్ధే నేడు మన మోకాళ్లను కాపాడుతోంది.

1815లో నెపోలియన్ ఓడిపోయాక యూరప్ రాజులు వియన్నాలో కూర్చుని పటం పంచుకున్నారు. ఓయ్‌పెన్, మాల్మెడి, సాంక్ట్ ఫీట్ ప్రాంతాలు ప్రష్యా వాటాకు వచ్చాయి. అప్పటికి బెల్జియమే లేదు, అది పుట్టింది 1830లో. పీట్ మట్టి తవ్వి పొయ్యిలో పెట్టుకునే ఈ పేద బీళ్లలో ప్రష్యా అధికారులు కాలువలు తీసి నీరు దించి, స్ప్రూస్ చెట్లు వరసలుగా నాటించారు. దారి పక్క కనిపించే చీకటి అడవిలో చాలా భాగం నాటిన అడవే. 1885లో రైలు వచ్చింది. ఆహెన్ బొగ్గు దక్షిణాన లక్సెంబర్గు ఉక్కు కొలుములకు, అక్కడి ఇనుపరాయి ఉత్తరానికి. 1889కి మార్గం ట్రోవియేర్జ్ చేరింది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం. జర్మనీ ఓడింది. 1919 వెర్సాయ్ ఒప్పందం ఈ జిల్లాలను బెల్జియంకు ఇచ్చింది, జనాభిప్రాయం అడగాలంది. 1920లో ఎలా అడిగారో వినండి. ఓటుపెట్టె లేదు. బెల్జియం వద్దనేవాళ్లు ఆఫీసుకు వచ్చి, అధికారి ఎదుట రిజిస్టరులో పేరు రాసి సంతకం చేయాలి. రాస్తే రేషన్ కార్డు పోతుందేమో, ఊళ్లోంచి పంపేస్తారేమో అన్న భయం. దాదాపు 33,700 మందిలో సంతకం పెట్టినవాళ్లు 271 మంది. దాన్ని సమ్మతిగా లెక్క వేసుకున్నారు. ఆ ఏళ్లలో ఇక్కడ సర్వాధికారి జనరల్ బాల్టియా. బెల్జియంలోకెల్లా ఎత్తయిన చోటు బొట్రాంజ్ బీడు, 694 మీటర్లు. దాని మీద ఆయన పేరున 6 మీటర్ల మట్టిదిబ్బ పోసి మెట్లు కట్టారు, 700 మీటర్ల మీద నిలబడ్డామనిపించుకోవడానికి.

ఇక రైలు సంగతి. ఓయ్‌పెన్, మాల్మెడిలను కలిపే మార్గం ఇదొక్కటే, కానీ అది జర్మనీ ఊళ్ల గుండా మెలికలు తిరుగుతుంది. సరిహద్దు కమిషన్ తేల్చిందేమిటంటే, పట్టాలూ కట్టా స్టేషన్లూ బెల్జియంవి, రెండు పక్కల పొలాలూ ఇళ్లూ జర్మనీవి. నాలుగడుగుల కట్ట దేశమైంది. కట్టకు పడమటి వైపు పడిన జర్మనీ ముక్కలు చుట్టూ బెల్జియంతో దీవుల్లా మిగిలాయి. ఇవాళ్టికీ అలాంటివి ఐదున్నాయి. అన్నిట్లో చిన్నది రుక్‌ష్లాగ్, ఒక ఇల్లూ దాని చుట్టూ తోటా, అంతే. రోట్‌గెన్ దాటి తొక్కుతుంటే ఎడమ చేతి వైపు జర్మనీ, కుడి చేతి వైపు జర్మనీ, సైకిలు కింద మాత్రం బెల్జియం.

గీసినవాళ్లకే ఆ గీత మీద నమ్మకం లేదు. 1926లో బెల్జియం ఈ జిల్లాలను డబ్బు తీసుకుని జర్మనీకి తిరిగి ఇచ్చేందుకు రహస్యంగా మంతనాలు జరిపింది. ఫ్రాన్సు అడ్డుపడితే ఆగింది. 1940 మేలో హిట్లర్ సేనలు వచ్చాయి, వెంటనే ఈ నేలను జర్మనీలో కలిపేశారు. బెల్జియం పౌరులుగా పెరిగిన కుర్రవాళ్లకు జర్మన్ సైన్యం యూనిఫారం తొడిగి తూర్పు యుద్ధానికి తోలారు. తిరిగిరానివాళ్లు ఎందరో. 1944 డిసెంబరులో ఆర్డెన్స్ పోరు ఈ అడవుల్లోనే జరిగింది. క్రిస్మస్ రోజునా మరునాడూ మిత్రపక్షాల బాంబులు సాంక్ట్ ఫీట్‌ను నేలమట్టం చేశాయి. పాత ఊరి గుర్తుగా మిగిలింది బ్యూహెల్ బురుజొకటి. ఇప్పటి ఊరు ఆ బూడిద మీద మళ్లీ కట్టుకున్నదే. అక్కడ బెంచీ మీద కూర్చుని టీ తాగుతుంటే ఎదుటి ఇళ్లన్నీ దాదాపు ఒకే ఈడువిగా కనిపిస్తాయి.

శాంతి వచ్చాక కూడా ఈ జనానికి తేలిక కాలేదు. జర్మన్ మాట్లాడడమే అనుమానానికి కారణమైంది. విచారణలూ శిక్షలూ నడిచాయి. మరోపక్క ఆకలి. జర్మనీలో కిలో కాఫీకి 10 మార్కుల పన్ను, బెల్జియంలో కాఫీ చవక. ఇంకేముంది, చీకటి పడితే అడవిదారుల్లో కాఫీ మూటలు నడిచాయి. జర్మన్ దీవుల్లోకెల్లా పెద్దదైన ముట్సెనిష్ వాళ్లకు ప్రతి చెట్టూ తెలుసు. సుంకం అధికారుల కార్ల కింద ముళ్ల ఇనుపముక్కలు చల్లి టైర్లు పంక్చరు చేసేవాళ్లు. తుపాకీ దెబ్బలకు ప్రాణాలూ పోయాయి. యుద్ధంలో కూలిన ష్మిట్ ఊరి చర్చికి కాఫీ డబ్బు కూడా చేరింది, అందుకే ఆ చర్చిని జనం మోకా అని ముద్దుపేరుతో పిలుస్తారు. 1953లో పన్ను తగ్గించాక ఆ వ్యాపారం దానంతటదే చల్లారింది. తుపాకులు ఆపలేనిదాన్ని పన్ను తగ్గింపు ఆపింది.

వైవెర్ట్స్ ఊరి దగ్గర మరో పాత రైలుకట్ట చీలుతుంది. అదీ సైకిలుదారే. దాన్ని పట్టుకుని తూర్పుకు తొక్కితే బ్యూట్‌గెన్‌బాహ్ చెరువు గట్టు చేరతాం. చెరువంటున్నాను కానీ అది 1932లో వార్ష్ నదికి కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు. దిగువన 1928 నాటి రాబర్‌విల్ జలాశయం. ఈ సీమ బీళ్లు వాననీటిని స్పాంజిలా పీల్చి మెల్లగా వదులుతాయి. ఇప్పుడు ప్రష్యావాళ్లు తీసిన కాలువలు పూడ్చి, కొన్నిచోట్ల స్ప్రూస్ చెట్లు నరికి, బీడును మళ్లీ బీడుగా మారుస్తున్నారు. ఎండాకాలం నిప్పు భయముంటే ఎర్రజెండా ఎగరేస్తారు. అప్పుడు బీట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు.

దారి తప్పుతామన్న దిగులు లేదు. కూడళ్లలో అంకెల బోర్డులుంటాయి. వెళ్లాల్సిన అంకెలు చీటీ మీద వరసగా రాసుకుంటే చాలు. 1995లో బెల్జియంలోని లింబుర్గులో ఈ పద్ధతికి ప్రాణం పోసినవాడు హ్యూగో బోలెన్, గనుల్లో పనిచేసిన ఇంజనీరు.

ఇన్ని దెబ్బలు తిన్న సీమ ఎలా కుదుటపడింది? నాకర్థమైనంతలో, గీత చెరిపేసి కాదు, గీత మీద బతికేవాళ్లకు మాట ఇచ్చి. 1963లో చట్టం జర్మన్ భాషా ప్రాంతాన్ని గుర్తించింది. 1973లో వాళ్లకంటూ ఒక సభ ఏర్పడింది. ఇవాళ దాదాపు 80 వేల జనం, 9 మున్సిపాలిటీలు, అయినా 25 మంది సభ్యుల సొంత పార్లమెంటు. బడీ భాషా వాళ్ల చేతిలోనే ఉన్నాయి. భాష కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పుట్టిన జాతికి ఆ తృప్తి ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. 1920లో రిజిస్టరు ముందు వణికిన తాతల మనవలు నేడు తమ భాషలో చట్టం రాసుకుంటున్నారు.

గూడ్సు బళ్లు 1989లో ఆగాయి. టూరిస్టు రైలు 2001 దాకా నడిచింది. పట్టాలు ఎత్తేశాక కొందరికి సందేహం వచ్చింది, రైలే లేనప్పుడు ఈ కట్ట జర్మనీకి తిరిగి పోతుందా అని. పోలేదు. బెల్జియందే. ఇప్పుడు దాని కోసం ఎవరూ కొట్లాడుకోవడం లేదు.

పోయిన ఆదివారం నా కూతుర్ని తీసుకెళ్లాను. దారి పక్క నాచు పట్టిన సరిహద్దు రాయి ఒకటి ఉంది. "ఇది ఎవరిది నాన్నా?" అంది. జేజి సంగతి చెప్పాను, ఊరే పోయి వచ్చిన సంగతి. కాసేపు ఆలోచించి, "అయితే జేజి ఇక్కడ ఉన్నా ఇల్లు మారక్కర్లేదు" అంది. ఆ రాయికి సైకిలు ఆనించి, సీసా మూత తిప్పి, నీళ్లు తాగింది.