పరిహాసమునకు ప్రత్యుత్తరము



ఎగతాళి యనునది మన పల్లెలకు క్రొత్త కాదు. రచ్చబండమీదను, బావిగట్టునను, పెండ్లిపందిటిలోను అది పుట్టుచునే యుండును. బావమరదుల నడుమ పుట్టిన యెగతాళి పప్పులో ఉప్పువంటిది. అది లేకున్న చుట్టరికము చప్పబడును. కాని యొకని నోరు మూయించుటకును, వాని మనస్సును క్రుంగదీసి మన దారికి త్రిప్పుకొనుటకును చేయు ఎగతాళి వేరు. దానికి ఏమి బదులు చెప్పవలెను? కోపించినచో "చూచితిరా, వీనికి రోషము వచ్చినది" అని మరి నలుగురు నవ్వుదురు. ఊరకున్నచో ఒప్పుకొన్నట్లే యగును. ఈ రెంటికిని నడుమ మూడవ దారి యొకటి కలదు. ఆ దారిని ముప్పది సంవత్సరములకు పైగా నడిచి చూపిన మహనీయుడు మన ప్రాంతమువాడే. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వారి చరిత్రకు ముందు నా తప్పొకటి మీకు విన్నవించుకొనవలెను. నేను ఉద్దానములో పుట్టి, కొబ్బరితోటల నీడను పెరిగినవాడను. బాలవ్యాకరణము వల్లెవేసి, భాషాప్రవీణ పరీక్ష నిచ్చి, తెలుగు పండితుడనైతిని. చదువుతోపాటు నాకొక జబ్బును అంటుకొన్నది. నేను పుట్టిన యింటి పలుకుబడియే నాకు నవ్వు పుట్టింపజొచ్చెను. నేనొక బడిలో పని చేయుచుండగా, ఒకనాడు జాలరిపేట పిల్లవాడొకడు పాఠము చదువుచు "చేప"ను "సేప" అనియు, "చెప్పెను"ను "సెప్పెను" అనియు చదివెను. నేను వాని పలుకును అట్లే అనుకరించి చూపితిని. తరగతియంతయు ఘొల్లున నవ్వెను. వాడు ఏడ్వలేదు, తల దించలేదు. చేతులు కట్టుకొని నిలుచుండి, "మాస్టారూ, మా అమ్మ ఇలాగే సెప్తాదండి. తప్పయితే దిద్దండి, దిద్దుకుంటాను. నవ్వితే నాకేటి తెలుస్తాదండి?" అనెను.

పండ్రెండేండ్ల బాలుని ప్రశ్నకు నాయొద్ద బదులు లేకపోయెను. కొంతకాలమునకు రామమూర్తి పంతులుగారి వాదములను చదువుచుండగా ఆ బాలుని గొంతే నాకు మరల వినవచ్చెను. "తప్పయిన తప్పు చూపుడు, నవ్వు ప్రమాణము కాదు." వారి పోరాటమంతయు ఈ యొక్క మాటలో నిమిడియున్నది.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన వంశధారాతీరమున పర్వతాలపేట గ్రామములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. విజయనగరములో చదువుకొని, 1880లో పర్లాకిమిడి చేరి, అచట ఉపాధ్యాయులైరి. ఆనాడు పర్లాకిమిడి, టెక్కలి, పలాస అన్నియు గంజాము జిల్లాలోనివే. 1900లో నౌపడనుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి చిన్న రైలుబండి నడువసాగెను. ఆ చిన్న పట్టాలు నేడు లేవు, పెద్ద పట్టాలు పడినవి. దారి మాత్రము అదియే.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారు కొండ దిగి సంతకు వచ్చినపుడు వారి మాటను వెక్కిరించుట పల్లమువారికి వేడుక. ఆ వెక్కిరింపును నా చిన్నతనమున మందసా సంతలో నేనును విన్నాను. అందరు నవ్వుకొను ఆ భాషను పంతులుగారు శ్రద్ధగా నేర్చుకొనిరి. సవరల చెంతనే కూర్చుండి పలుకులు సేకరించిరి, పాటలు వ్రాసికొనిరి, వాచకములు కూర్చిరి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువడినవి. ఎగతాళికి గురియైన మాటకును వ్యాకరణము కలదని లోకమునకు తెలిసెను. కొండలలో తిరుగుటచే వచ్చిన మన్యపు జ్వరములకు క్వినైను విస్తారముగా పుచ్చుకొనగా వారికి చెవుడు వచ్చెను. చెవులు మందగించినను, వినవలసిన మాటను ఆయన వినకపోలేదు.

1906 ప్రాంతమున యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. బడిలో పుస్తకపు తెలుగొకటి, బజారులో జనుల తెలుగొకటి యుండుట చూచి, ఇది యేలయని యాయన యడిగెను. విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నను గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తిగార్ల యెదుట నుంచవచ్చునని సూచించిరి. వారిద్దరును విజయనగరములో సహాధ్యాయులు. ఆ ప్రశ్ననుండి వ్యావహారిక భాషోద్యమము పుట్టెను.

పండితలోకము ఎదురు నిలిచెను. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షమునకు నాయకులైరి. వారును గొప్ప విద్వాంసులే. భాషపైని ప్రేమచేతనే ఎదిరించిరి. కాని ఆ వాదమున రెండు ఆయుధములు వెలువడెను. వానిని మనము నేడును గుర్తుపట్టగలము. మొదటిది పేరు పెట్టుట. వ్యావహారికమునకు "గ్రామ్యము" అని పేరు పెట్టిరి. గ్రామ్యమన గ్రామమునకు సంబంధించినది. అనగా మన వాడుక, మన పలుకు, మీరును నేనును ఆ మాటలో తిట్టుగా మారితిమి. రెండవది జాలియు భయమును పుట్టించుట. భాష చెడిపోవుననియు, నన్నయ తిక్కనల సంపద మూలబడుననియు చెప్పిరి. మొదటి మాటకు మనిషి సిగ్గుపడును. రెండవ దానికి తాను ద్రోహము చేయుచున్నానేమోయని క్రుంగును. సిగ్గుపడినవాడును క్రుంగినవాడును వాదింపజాలరు.

పంతులుగారు సిగ్గుపడలేదు, క్రుంగలేదు. వారి సమాధానమున మూడు మెట్లు కలవు.

మొదటి మెట్టు: ఎదుటివాని మాటలో నిజమున్నంతవరకు ఒప్పుకొనుట. ప్రతివాడు నోటికి వచ్చినట్లు వ్రాయవచ్చునని వారనలేదు. చదువుకొన్నవారు నిత్యము మాటలాడు శిష్టవ్యావహారికమునే తాము కోరుచున్నామనిరి. పూర్వకావ్యములను చదువవలదని యనలేదు. వానిని చదువవలెను, చదివింపవలెను. నేటి వచనము మాత్రము నేటి భాషలో నుండవలెననిరి. ఇట్లు చెప్పుటచే భయపెట్టువాని చేతిలో సగము ఆయుధము జారిపోయెను.

రెండవ మెట్టు: మిగిలిన సగమునకు ప్రమాణమడుగుట. ముఖలింగక్షేత్రమున శాసనములను స్వయముగా చదివినవారగుటచే, భాష కాలముతో మారుచునే వచ్చెనని చూపగలిగిరి. గ్రాంథికమున వ్రాయుచున్నామనువారి రచనలలోనే వ్యాకరణవిరుద్ధములైన ప్రయోగములను ఏరి, వరుసగా పేర్చి చూపిరి. గద్యచింతామణి యను గ్రంథమంతయు అట్టి పనియే. మరియొక గ్రంథమునకు "ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము" అని పేరు పెట్టిరి. భిషక్కన వైద్యుడు. భేషజమన సంస్కృతమున ఔషధము. మన తెలుగు వాడుకలో నది ఆడంబరము. పంతులుగారికి పరిహాసము తెలియనిది కాదు, వారి మాట పదునైనదే. అయినను ఆ పరిహాసము ప్రమాణమునకు వెనుక నడచునదే గాని ముందు నడచునది కాదు.

మూడవ మెట్టు: ఓడినను చోటు విడువకుండుట. మద్రాసు విశ్వవిద్యాలయపు సంఘములో వ్యావహారికమునకు చుక్కెదురయ్యెను. 1914లో గురజాడవారు తమ అసమ్మతిని సుదీర్ఘమైన పత్రముగా వ్రాసి యొసగిరి. 1915లో వారు కీర్తిశేషులైరి. స్నేహితుడు పోయెను, తీర్పు ఎదురు తిరిగెను. పంతులుగారు మరల మొదటినుండి మొదలుపెట్టిరి. తొలుత ఈ వాదమునకు దూరముగా నున్న కందుకూరి వీరేశలింగము పంతులుగారే 1919లో రాజమహేంద్రవరమున వెలసిన వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి, రామమూర్తిగారు కార్యదర్శి. ఆ యేడే "తెలుగు" అను పత్రికను నడపిరి. 1925లో తణుకున జరిగిన పరిషత్సభలో నాలుగు గంటలసేపు గ్రంథములలోని ప్రయోగములను చూపుచు ఉపన్యసించిరి. వజ్ఝల చినసీతారామస్వామిశాస్త్రిగారి వంటి ఉద్దండ వైయాకరణులు వారితో ఏకీభవించిరి. వ్యావహారికముపై పరిషత్తు విధించిన నిషేధమును తొలగిపోయెను. నవ్వినవారిని నవ్వి గెలిచినవారు కలరు. కాని వారు మిత్రులను సంపాదింపలేదు. పంతులుగారు గెలిచినది మనుష్యులను.

ఇట్టి యుదాహరణము ఇతర దేశములందును కలదు. ఇటలీ దేశపు మహాకవి దాంతే తన మహాకావ్యమును పండితభాషయైన లాటినులో గాక తన ప్రాంతపు జనుల భాషలో వ్రాసెను. 1319 ప్రాంతమున ఒక పండితుడు, ఇంతటి విషయమును సామాన్యుల భాషలో నేల పాడుచేసెదవని లాటిను పద్యములలో మందలించెను. దాంతే కోపింపక, లాటినులోనే మర్యాదగల పద్యములతో బదులు వ్రాసెను. చేతకాక యీ దారి పట్టినవాడను కాను, కోరి పట్టినవాడనని ఆ బదులే చెప్పుచున్నది.

1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరెను. తెలుగువారికి జరిగిన ఈ విభజనమునకు మనసొప్పక, యాబదియారేండ్లు కాపురమున్న యూరును విడిచి, పంతులుగారు రాజమహేంద్రవరము చేరిరి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1940 జనవరి 22వ తేదీన వారు పరమపదించిరి. వారి పుట్టినదినమును నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఒకనాడు గ్రామ్యమనిపించుకొన్న భాషలోనే నేడు పత్రికలన్నియు వెలువడుచున్నవి. నేను మాత్రము అలవాటు విడువలేక, ఆయన విజయమును గ్రాంథికమున చెప్పుచున్నాను. దీనికి మీరు నవ్వినను నాకు కోపము రాదు. నాలుక చిన్ననాట వంగిన వంపు అట్టిది.

పెద్దలారా, ఇది భాషాపండితుల జగడము, మనకేమి యనుకొనకుడు. తగవు తీర్చుటకు మీ యొద్దకు వచ్చువారిలో సగముమంది ఈ రెండాయుధముల దెబ్బ తిన్నవారే. మా ప్రాంతమున ఒక తోటపంపకమున నేనును పెద్దమనిషిగా కూర్చుంటిని. భాగమును వదలుకొన్నట్లు కాగితముపై సంతకము పెట్టుమని అన్న చెల్లెలినడిగెను. ఆమె సందేహింపగా, ముందు నవ్వుచు "మా చెల్లెలు ప్లీడరైనది" అనెను. అది పారకపోవుటచే కన్నీరు తెచ్చుకొని, "పుట్టింటి పరువు తీసెదవా? నాన్న యుండిన ఈ మాట విని బ్రతుకునా?" అనెను. ఆమె గొంతు పెంచలేదు. "అన్నయ్యా, పుట్టింటి పరువు నాకూ కావాల. నువ్వంటే నాకు పేణం. కాగితం సదివించుకొని రేపు సెప్తాను" అనెను. ఆయన మరల నాన్నను తలచెను. ఆమె మరల నదియే మాటను, అంతే మెల్లగా చెప్పెను. మూడవమారును అంతే. నాలుగవమారు ఆయన యడుగలేదు. మరునాడు కాగితము చదివించిన పిమ్మట పంపకము న్యాయముగానే జరిగెను; ఆ పండుగకు ఆమె పుట్టింటికే వచ్చెను.

చూడుడు, మెట్లు అవియే. ప్రేమను ఒప్పుకొన్నది, కాగితమును చూపుమన్నది, చోటు విడువలేదు. ఆమె పంతులుగారి పుస్తకములను చదివినది కాదు. నిదానమునకు చదువు అక్కరలేదు. తాను తప్పు చేయుటలేదను నమ్మకముండిన చాలును. మనవంటి పెద్దలు చేయవలసిన పని యొకటి కలదు. సభలో ఒకరిని నలుగురు నవ్వుచున్నపుడు మనము నవ్వు కలుపక, "తప్పేమో చెప్పుము, విందము" అని యొక్క మాట యనవలెను. ఆ మాటతో సగము తగవు తీరును.

ఆ జాలరిపేట పిల్లవాని సంగతి చెప్పి ముగించెదను. మరునాడు నేను తరగతిలో అందరియెదుటను నా తప్పు ఒప్పుకొంటిని. పిదప చకారము పలుకునపుడు నాలుక ఎచ్చట తాకునో, సకారమునకు ఎచ్చట నిలుచునో చూపితిని. వాడు రెండుమారులు తడబడి మూడవమారు సరిగా పలికి, "ఇంటికాడ మాత్రం సేపనే అంటానండి" అనెను. అట్లేయనుమని చెప్పితిని. అప్పుడు తరగతి మరల నవ్వెను. ఈమారు వాడును నవ్వెను.