మా తమ్ముడి మాటల పలక

మా తమ్ముడికి ఏడేళ్లు. వాడికి ఆటిజం ఉంది. అన్నీ వింటాడు, చాలావరకు అర్థం చేసుకుంటాడు, కానీ నోటితో మాట్లాడడు. వాడి చేతిలో ఒక టాబ్లెట్ ఉంటుంది. అందులో ఉన్న యాప్‌లో బొమ్మ మీద వేలు పెడితే ఆ మాట పలుకుతుంది. ఈ బొమ్మల మాట ఎక్కడ పుట్టింది, మన చెన్నైకి ఎలా వచ్చింది అని తెలుసుకోవాలనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఈ కథ చార్లెస్ బ్లిస్‌తో మొదలుపెడతాను. ఆయన 1897లో ఆనాటి ఆస్ట్రియా-హంగరీ రాజ్యంలోని చెర్నోవిట్జ్ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊళ్లో ఎన్నో భాషల వాళ్లు ఉండేవారు. ఒకరి మాట ఒకరికి అర్థంకాక పగలు పెరగడం ఆయన చిన్నప్పుడే చూశాడు. యూదుడు కావడంతో నాజీలు ఆయన్ని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. బయటపడి షాంఘై చేరాడు. అక్కడ వేరువేరు యాసల వాళ్లు కూడా ఒకే చైనా లిపిని చదువుకోవడం చూసి, అందరికీ అర్థమయ్యే గుర్తుల లిపి ఒకటి తయారుచేయడం మొదలుపెట్టాడు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి, 1949లో దాన్ని పుస్తకంగా వేశాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే టీచర్, ఆమెతో పనిచేసేవాళ్లు ఆ గుర్తులను కనుక్కున్నారు. వాళ్ల దగ్గర మెదడు పక్షవాతం వల్ల మాట్లాడలేని పిల్లలు ఉండేవారు. గుర్తులు ఉన్న పలక ముందు పెడితే ఆ పిల్లలు చూపించి చెప్పడం మొదలుపెట్టారు. బ్లిస్ మొదట చాలా సంతోషించాడు. కానీ టీచర్లు పిల్లల అవసరాన్ని బట్టి గుర్తులు మారిస్తే ఆయనకు కోపం వచ్చింది. ఆ తగాదా ఏళ్ల తరబడి సాగింది.

మన ఊరికి వద్దాం. 1985లో పూనమ్ నటరాజన్ చెన్నైలో ఇలాంటి పిల్లల కోసం ఒక సంస్థ ప్రారంభించారు. ఆమె కూడా అలాంటి బిడ్డకు తల్లే. ఆ సంస్థ పేరు ఇప్పుడు విద్యాసాగర్. మాట పలికే యంత్రాలు అప్పటికే విదేశాల్లో ఉన్నా, వాటి ధర మామూలు ఇళ్లకు అందేది కాదు. ఐఐటీ మద్రాసులో చదివిన అజిత్ నారాయణన్ విద్యాసాగర్ పిల్లలతో కలిసి పనిచేసి 'ఆవాజ్' అనే పరికరం తయారుచేశారు. 2011లో అమెరికాలోని ఎంఐటీ వారి పత్రిక 35 ఏళ్లలోపు ఆవిష్కర్తల జాబితాలో ఆయన పేరు చేర్చింది. 2010లో ఐప్యాడ్ వచ్చాక ప్రత్యేక యంత్రం కొనే అవసరం తగ్గింది. ఆవాజ్ కూడా యాప్‌గా మారింది. ఐఐటీ బొంబాయి వారు 'జెల్లో' అనే ఉచిత యాప్ చేశారు.

చట్టం కూడా మెల్లగానే కదిలింది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి.

మా ఇంట్లో మొదట టాబ్లెట్ ఇంగ్లీషులో మాట్లాడేది. తమ్ముడు నీళ్ల బొమ్మ నొక్కితే "వాటర్" అనేది. మా అవ్వకు తెలుగు, కాస్త తమిళం తప్ప రావు. "ఎవరో పరాయి పిల్ల పిలిచినట్టుందిరా" అనేది, లేచేది కాదు. అందుకని అమ్మ, నేను కూర్చుని తెలుగు మాటలు రికార్డు చేశాం. మగపిల్లవాడి గొంతు ఉంటే బాగుంటుందని నన్నే చెప్పమన్నారు. "అవ్వా, నీళ్లు" అని వాడు నొక్కినప్పుడు అవ్వ కళ్లు తుడుచుకుంటూ చెంబు తెచ్చింది.

బొమ్మలకు అలవాటుపడితే ఇక నోరు తెరవడేమో అని నాన్న భయపడ్డారు. మాట రావడానికి ఇవి అడ్డుపడవని పరిశోధనల్లో తేలిందని టీచరమ్మ చెప్పారు. యాప్ కొనిస్తే చాలదని, మనం వాడితో మాట్లాడేటప్పుడు మనమూ బొమ్మలు నొక్కి చూపించాలని కూడా చెప్పారు. చంటిపిల్లలు మన మాటలు విని నేర్చుకున్నట్టే ఇదీనట.

ఒక పొరపాటు మాత్రం చేశాం. నీళ్లు, అన్నం, బాత్‌రూమ్, అమ్మ అన్నీ ముందు వరసలో పెట్టాం. "వద్దు" ఎక్కడో లోపలి పేజీలో ఉండిపోయింది. అది దొరక్క వాడు చెయ్యి కొరుక్కునేవాడు. మేం మొండితనం అనుకున్నాం. ఎవరి గుర్తులు ఎలా ఉండాలో తానే చెప్పాలనుకున్న బ్లిస్ గురించి చదివినప్పుడు మేం చేసిందీ అదే కదా అనిపించింది. ఆ రాత్రే "వద్దు"ను మొదటి పేజీలోకి తెచ్చాం.

మర్నాడు నేను తల దువ్వబోతే వాడు దాన్ని నొక్కాడు. "వద్దు" అని నా గొంతే నాకు చెప్పింది. దువ్వెన పక్కన పెట్టేశాను. వాడు నా వైపు చూసి నవ్వాడు. ఆ రోజు తల దువ్వుకోకుండానే బడికి వెళ్లాడు.