బడిలో తెలుగు లేని చోట: ఒక భాషా నిలయం కథ



“బడిలో తెలుగు లేదు, ఇక మా పిల్లవాడు ఎక్కడ నేర్చుకుంటాడు?” అని మీలో చాలామంది అడుగుతున్నారు. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత ఈ ప్రశ్న మరింత తరచుగా వినబడుతున్నది. రాష్ట్రం వెలుపల ఉన్నందువల్లనే మనకు ఈ కష్టం వచ్చిందని అనుకుంటాము. అయితే నూరేండ్లకు పూర్వం హైదరాబాదు నగరం నడిబొడ్డున కూడా తెలుగువారు ఇదే ప్రశ్న వేసుకున్నారు. నిజాం సంస్థానంలో ప్రజలలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. కచేరీ భాష మాత్రం ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే సాగింది. అక్కడివారు వెదుక్కొన్న దారి గ్రంథాలయం.

ఆ కథ నిజానికి మహారాష్ట్రలోని మన మిత్రులకు దగ్గరిది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రి పోగా, అక్క భండారు అచ్చమాంబగారి ఇంట నాగపురంలో పెరిగారు. చదువు చాలావరకు అక్కడే. మరాఠీ ఎంత బాగా అబ్బినదంటే ఆ భాషలో వ్యాసాలు వ్రాసి పేరు తెచ్చుకున్నారు. అచ్చమాంబగారు బడి ముఖం చూడకుండానే, తమ్ముడు చదువుకుంటూ ఉండగా పక్కన కూర్చుండి అక్షరాలు నేర్చి, “అబలా సచ్చరిత్ర రత్నమాల” వ్రాసిన విదుషి. తెలుగు బడి లేని ఊరిలో ఒక అక్క, ఒక తమ్ముడు, కొన్ని పుస్తకాలు. ఇంతకు మించిన పాఠశాల ఆ ఇంట ఏమున్నది? పరభాషలో చదివితే పిల్లలు తెలుగుకు దూరమవుతారని బెంగపడే తల్లిదండ్రులు ఈ ఇద్దరినీ ఒకసారి తలచుకోవాలి.

మునగాల సంస్థానంలో దివానుగా చేరిన లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించారు. మొదట దానికి చోటిచ్చినది రావిచెట్టు రంగారావుగారి ఇల్లు. ఆ పేరును గమనించారా? కృష్ణదేవరాయలు ఏలిన హంపి ఇప్పుడు కర్ణాటకలో ఉన్నది. ఆయన కావ్యంలోని గోదాదేవి తమిళనాటి శ్రీవిల్లిపుత్తూరు అమ్మాయి. తెలుగును ఏ ఒక్క రాష్ట్రపు సరిహద్దులోనూ బిగించలేమని ఆ పేరే చెబుతున్నట్లు నాకు తోస్తుంది.

1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. నిలయం పెట్టడంతోనే పని తీరలేదు. అలమారలో ఏమి పెట్టాలి? కావ్యాలు, పురాణాలు ఉన్నాయి గాని రసాయనం, జీవశాస్త్రం, చరిత్ర తెలుగులో చదువుదామంటే పుస్తకమేది? అందుకే 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. దాని తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి “అబ్రహాం లింకను చరిత్ర”. తరువాత చిలుకూరి వీరభద్రరావుగారి “ఆంధ్రుల చరిత్రము” వచ్చింది. 1908లో మండలి మదరాసుకు తరలింది. లక్ష్మణరావుగారు కూడా అక్కడే ఉండి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకున్నారు. మూడు సంపుటాలు వెలువడినా అకారం దాటకముందే 1923లో ఆయన కన్నుమూశారు. ఒక్క అక్షరానికి మూడు సంపుటాలా అని నవ్వేవారు ఉంటారు. ఒకసారి తెరచి చూస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

మాడపాటి హనుమంతరావుగారి పేరు మన ఉపాధ్యాయులకు మరీ ముఖ్యం. భాషా నిలయం పనిలో ఆరితేరిన ఆయన 1928లో హైదరాబాదులో బాలికలకు తెలుగు మాధ్యమ పాఠశాల నెలకొల్పారు. ప్రభుత్వం గుర్తింపు ఇవ్వలేదు. అప్పుడు ఆ బాలికలను కర్వేగారు 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పంపించారు. హైదరాబాదు బాలికల తెలుగు చదువును నిలిపినది మహారాష్ట్రలోని విద్యాసంస్థ! పొరుగు భాషవారిని మనకు అడ్డుగానే ఎంచరాదని నేను పదే పదే అనేది ఇందువల్లనే.

స్థానిక చరిత్రను కూడా ఈ నిలయాల చుట్టూ చేరినవారే కాపాడారు. 1922లో ఏర్పడిన పరిశోధక మండలికి తరువాత లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరు పెట్టారు. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు తాళపత్రాలను, శాసనాలను సేకరించారు. “తెలంగాణా శాసనములు” అలా వెలుగు చూసినది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డిగారు వాదం పెట్టుకొనక ఊరూరి కవుల పద్యాలు సేకరించి 1934లో “గోలకొండ కవుల సంచిక” ప్రకటించారు. అందులో 354 మంది కవులున్నారు. మన ఊళ్ళలో తెలుగువారు ఎన్నడు వచ్చారు, ఏ పాటలు పాడుకున్నారు, ఎవరు ఏమి వ్రాశారు అన్న జాబితా ఎవరైనా వేశారా?

కోస్తాలో జరిగినది ఇంకొక పెద్ద కథ. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడడం, అయ్యంకి వేంకటరమణయ్యగారి జీవితకాలపు శ్రమ, 1935లో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు చేర్చడం మరొక వ్యాసంలో చెప్పుకోవలసినవి.

ఇక మన సంగతి. మదరాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం 1948లో, మైసూరులో 1965లో, మహారాష్ట్రలో 1967లో, ఒరిస్సాలో 2001లో వచ్చాయి. తమిళనాడు, కర్ణాటకలలో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సుంకం కూడా మీరు చెల్లిస్తున్నారు. రశీదు చూడండి. తెలుగు పుస్తకాలు అడగడానికి మొగమాటం అక్కరలేదు.

నేను మా ఊరి శాఖా గ్రంథాలయంలో అడిగాను. తాళ్ళతో కట్టిన రెండు మూటలు అటక మీది నుండి దింపారు. “తెలుగు చదవగలవారు మాలో లేరు సార్, ఏది ఏ పుస్తకమో తెలియక పక్కన పెట్టాము” అని గ్రంథపాలకుడు నొచ్చుకుంటూ చెప్పారు. పాఠకులు లేరని మూట కట్టినారు. మూటలో ఉన్నందున పాఠకులు రాలేదు. రెండు ఆదివారాలు ఆయనతో కూర్చుండి ప్రతి పుస్తకం పేరును తమిళ లిపిలోను, తెలుగు లిపిలోను వ్రాసి, ఏది ఏ వయసు పిల్లలకు తగునో పక్కన గుర్తు పెట్టి అట్టలపై అంటించాము. నూట పదమూడు పుస్తకాలు లెక్క తేలాయి. మూడవ ఆదివారం నా విద్యార్థులు నలుగురిని వెంటబెట్టుకొని వెళ్ళాను. ఇద్దరికి అక్షరాలు కూడబలుక్కొని చదవడమే వచ్చు. అయినా నాలుగు పుస్తకాలు ఇంటికి వెళ్ళాయి. ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఆ అబ్బాయి బామ్మగారు చదువుతున్నారట.