నిజాం బస్సు మనకేం చుట్టం?

మాది రాయదుర్గం. ‘నిజాం బస్సుతో మన ఊరికేం రిష్తా?’ అని దోస్తులు అడుగుతుంటారు. సవాల్ వాజిబే. 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ఇలాకాలను కంపెనీకి రాసిచ్చేశాడు. అలా మనం దత్తమండలాల వాళ్లమయ్యాం, మద్రాసు హుకూమత్ కిందకు పోయాం. ఆ మద్రాసులో 1895 నుంచి కరెంటు ట్రాములు నడిచి, 1953 ఏప్రిల్ 12న ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరు 1న మన తాలూకా బళ్ళారి జిల్లాను వదిలి ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది.

హైదరాబాద్ తారీఖ్ వేరు. అక్కడి రైల్వేను 1930లో నిజాం సర్కారు కొనేసింది. 1932 జూన్‌లో ఆ రైల్వే కిందే బస్సుల శాఖ పెట్టింది. మొదట 27 బస్సులు, 166 మంది ములాజిమ్‌లు. రైలుకూ బస్సుకూ మాలిక్ ఒక్కరే కాబట్టి వాటి మధ్య పోటీ లేదు. స్టేషన్ లేని ఊళ్ల ముసాఫిర్లను బస్సు తెచ్చి రైలెక్కించేది.

ఆ శాఖ 1951లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వానికి చేరింది. 1958 జనవరి 11న ఆర్టీసీగా మారింది. అంటే ఈరోజు మన బస్టాండులో ఆగే బస్సుది ఆ 27 బస్సుల ఖాందానే! నంబరు ప్లేటు మీద ‘జడ్’ అక్షరం చూశారా? అది నిజాం తన అమ్మీజాన్ జహ్రా బేగం పేరు మీద అడిగి పెట్టించిన నిషానీ అని జనం చెప్పుకుంటారు. రాసిచ్చేసిన ఇలాకాకు ఆయన బస్సు ఇలా తిరిగొచ్చింది.

1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో ఉంది. స్కాట్లాండ్ కంపెనీ తయారీ. కలకత్తాలోనైతే 1938 నాటి ట్రామునే ‘స్మరణిక’ పేరుతో మ్యూజియం చేశారు, లోపలికెళ్లి పాత టికెట్లూ సామానూ చూడొచ్చు.

బండికి రంగు వేస్తే సగం హిఫాజతే. దాన్ని నడిపిన డ్రైవర్, టికెట్ కొట్టిన కండక్టర్, గ్రీజు చేతుల మెకానిక్ గుర్తుండాలి కదా! వాళ్లలో మన దాదాలు, నానాలు ఎందరో. ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే ఒకసారి తెరవండి. ఇత్తడి బ్యాడ్జీ, డ్యూటీ కాగితం, ఖాకీ చొక్కాతో దిగిన ఫొటో దొరికితే పాత సామాన్ల వాడికి వేయకండి. వెనకాల పేరు, ఊరు, సంవత్సరం రాసి పిల్లలకు చూపించండి. అది మన బుజుర్గుల అమానత్.