తగిన గది కోసం: మద్యం మానేవారి సమావేశాల చరిత్ర

మద్యం మానాలనుకునేవారు ఒకచోట చేరి ఒకరికొకరు తోడు నిలిచే సమావేశాల చరిత్ర సాధారణంగా ఇద్దరు మనుషుల కలయికతో మొదలవుతుంది. న్యూయార్క్ స్టాక్ బ్రోకర్ బిల్ విల్సన్, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ డాక్టరు బాబ్ స్మిత్ 1935 మే నెలలో కలుసుకున్నారు. స్మిత్ చివరిసారి తాగిన జూన్ 10వ తేదీయే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టినరోజుగా స్థిరపడింది. ఈ కథనంలో అబద్ధమేమీ లేదు. అయితే తాగుడుకు బానిసైన మనిషి తనకు నప్పే సమావేశాన్ని ఎంచుకోగలిగే పరిస్థితి ఎలా వచ్చిందో అది చెప్పదు. 1935 తరవాత నాలుగేళ్ల పాటు ఎంచుకోవడానికి దాదాపు ఏమీ లేదు.

అంతకుముందు ప్రయత్నాలు జరగకపోలేదు. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు మొదలుపెట్టిన వాషింగ్టోనియన్ ఉద్యమం కొన్నేళ్లలోనే వేలాదిమందిని చేర్చుకుని, అంతే వేగంగా చెదిరిపోయింది. మద్యనిషేధ రాజకీయాల్లో తలదూర్చినందుకే అది చెడిందన్నది ఏఏ వారి వివరణ. తమకు కావలసిన హెచ్చరికనే వారు అందులో చదువుకున్నారని అనిపిస్తుంది. 1906లో బోస్టన్‌లోని ఇమ్మాన్యుయేల్ చర్చిలో మొదలైన చికిత్సా ప్రయత్నం కూడా నిలదొక్కుకోలేదు.

అసలు మలుపు 1939లో క్లీవ్‌లాండ్‌లో వచ్చింది. అప్పటిదాకా ఆక్రన్ సభ్యులు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం నీడలోనే కలుసుకునేవారు. న్యూయార్క్ సభ్యులు 1937లోనే దాని నుంచి విడిపోయారు. క్లీవ్‌లాండ్ నుంచి వారం వారం ఆక్రన్ వెళ్లేవారిలో కేథలిక్కులు ఉన్నారు. ప్రొటెస్టెంట్ వాసన ఉన్న బృందంలో అందరి ముందు పాపాలు ఒప్పుకోవడం వారి ఫాదర్లకు నచ్చలేదు. క్లీవ్‌లాండ్ సభ్యుడు క్లారెన్స్ స్నైడర్ ముందుండి, ఆ ఏప్రిల్‌లో వెలువడిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అనే పుస్తకం పేరునే తీసుకుని, మే నెలలో క్లీవ్‌లాండ్‌లో వేరే సమావేశం పెట్టించాడు. ఆక్రన్ పాతవారికి అది తిరుగుబాటుగా కనిపించింది.

ఈ చీలికకు మతమే ఏకైక కారణమని తేల్చేయలేం. స్నైడర్ మొండిమనిషి, తరవాత అతను చెప్పిన కథల్లో అతని పాత్ర పెద్దదే. చీలిక వల్లే సభ్యులు పెరిగారన్న వాదననూ పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే ఆ అక్టోబరు, నవంబరుల్లో క్లీవ్‌లాండ్ ప్లెయిన్ డీలర్ పత్రిక వరస వ్యాసాలు వేసి జనాన్ని అటు మళ్లించింది. కానీ పత్రిక మనుషుల్ని పంపగలదే తప్ప వారిని కూర్చోబెట్టలేదు. వచ్చిన వందలమందిని పట్టుమని పాతికమంది కూడా లేని పాతవారు పంచుకోవలసి వచ్చింది. తాగుడు మాని కొన్ని వారాలే అయినవాడు నిన్న వచ్చినవాడి చెయ్యి పట్టుకున్నాడు. కొత్తవాడికి పాతవాడు తోడుగా నిలిచే స్పాన్సర్ పద్ధతి పాదుకున్నది ఈ ఒత్తిడిలోనే. ఏడాది తిరగకముందే ఆ ఒక్క బృందం మళ్లీ చీలింది. ఒకచోట పొసగకపోతే అదే ఊళ్లో మరోచోటికి వెళ్లే వీలు ఇలా ఏర్పడింది. ఆనాడు ఎంతమంది మానారన్న లెక్కలు మాత్రం సభ్యులు చెప్పుకున్నవే, వాటిపై ఆధారపడటం కష్టం.

1941 మార్చిలో సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ వ్యాసం తరవాత సభ్యత్వం 2,000 నుంచి ఏడాది చివరికి 8,000కు చేరింది. సభ్యత్వానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలన్న సూత్రం 1950లో అదే క్లీవ్‌లాండ్‌లో ఆమోదం పొందింది. దీన్ని వ్యవస్థాపకుల ఔదార్యంగా చెప్పడం రివాజు. అప్పటికే జరిగిపోయిన చీలికలకు వేసిన ముద్రగా చూడటమే సబబు. ప్రతి విడి సమావేశమూ స్వేచ్ఛగా ఎంచుకున్నదీ కాదు: 1945లో వాషింగ్టన్‌లో, సెయింట్ లూయిస్‌లో నల్లజాతివారు తమ బృందాలు పెట్టుకున్నది తెల్లవారి గదుల్లో చోటు లేకనే. స్వలింగ సంపర్కుల బృందాలను ఏఏ డైరెక్టరీలో చేర్చడానికి 1974 దాకా ఆగవలసి వచ్చింది. 2011లో టొరంటోలో దేవుడి ప్రస్తావన లేకుండా నడిచే రెండు బృందాలను స్థానిక జాబితా నుంచి తీసేశారు. మానవ హక్కుల ట్రిబ్యునల్ దాకా వెళ్లాక 2017లో గానీ తిరిగి చేర్చలేదు. జాబితాలో లేని సమావేశం కొత్తవాడికి లేనట్టే. 1970ల మధ్యలో విమెన్ ఫర్ సొబ్రైటీ, 1994లో స్మార్ట్ రికవరీ అనే సంస్థలు వేరు దారి పట్టడానికి కూడా ఇలాంటి అసంతృప్తులే మూలం.

ఎవరికి ఏది నప్పుతుందో నిపుణులు ముందుగా చెప్పగలరా? 1,726 మందిపై జరిగి 1997లో వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే అధ్యయనం ఫలితాలు ఆ ఆశను చాలావరకు వమ్ము చేశాయి. 27 అధ్యయనాలను కలిపి చూసిన 2020 కోక్రేన్ సమీక్ష ఏఏ బాట పట్టించే చికిత్సలు మద్యానికి దూరంగా ఉంచడంలో మేలని తేల్చింది, కానీ సగటు ఎవరికీ గది చూపించదు. నాలుగైదు చోట్ల కూర్చుని చూసుకోవడమే ఇప్పటికీ మార్గం. కుటుంబసభ్యులూ రాగల ఓపెన్ మీటింగా, తాగుడు సమస్య ఉన్నవారికే పరిమితమైన క్లోజ్డ్ మీటింగా అన్నది ముందే కనుక్కోవాలి.

భారతదేశానికి ఏఏ 1957లో వచ్చింది. తెలుగు నేలపై తాగుడు మీద జరిగిన పెద్ద పోరాటం మాత్రం వేరే రకం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. దుకాణం మూయించడం గురించి ఆలోచించిన ప్రభుత్వాలు, మానినవాడు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలన్నది ఆలోచించలేదు. ఆ లోటు ఇంకా తీరలేదు. చిన్న ఊళ్లో పేరు చెప్పకపోయినా ముఖం తెలుస్తుంది, కాబట్టి గోప్యత అన్న హామీ అక్కడ బలహీనం. కోవిడ్ కాలంలో విస్తరించిన జూమ్ సమావేశాలు దీనికి కొంత జవాబు. అయితే ఒంటరిగా తాగే గదిలోనే ఒంటరిగా ఫోను పట్టుకుని కూర్చోవడం ఎదుటిమనిషి పక్కన కూర్చోవడంతో సమానమని చెప్పలేం. దగ్గరలోని సమావేశాన్ని చూపే యాప్‌లు దూరం, సమయం చెబుతాయి. అక్కడ తెలుగులో మాట్లాడతారా, ఆడవాళ్లు వస్తారా అన్నది ముందుగా ఫోను చేసి అడిగి తెలుసుకోవడం మేలు.